ఏప్రిల్‌లో పిల్లల్ని వెతికే ఉద్యోగం

కొత్తగా ఎమ్మెస్సీ పాసై, ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్లుగా చేరబోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మొన్నీమధ్య మా వీధిలో ఒకమ్మాయికి అలాంటి ఉద్యోగం వచ్చింది. స్వీట్లు పట్టుకొచ్చి, "ఆంటీ, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అంది. చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆ పిల్ల ముఖం వాడిపోయింది. వాళ్ళమ్మ వచ్చి, "శుభమా అని ఉద్యోగం వస్తే పిల్లని భయపెడతారేంటండీ నిర్మలగారూ" అని తీసుకెళ్ళిపోయింది. మింగేసిన మాటలు నాకు అరగవు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందే చెప్తున్నాను, ఇందులో ప్రమోషన్ల గొడవ లేదు. నేను వైస్ ప్రిన్సిపాల్‌నయ్యానంటే అప్పటికి స్టాఫులో నాకంటే పాతవాళ్ళు మిగల్లేదు కాబట్టి అయ్యాను. నేను చెప్పదలచుకున్నది మొదటి కొన్నేళ్ళ సంగతి. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని బతికిన రోజులవి. ఇప్పటికీ జూన్ వచ్చిందంటే నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాదు. ఉద్యోగం నుంచి ముందే తప్పుకున్నాను కదా అని సర్దిచెప్పుకున్నా, ఎవరో పిలిచి "ఈ ఏడాది మీరు అక్కర్లేదండీ" అంటారేమోనని లోపల పీకుతూనే ఉంటుంది.

మొక్కలకి మార్కెట్ లేదు

నేను బోటనీ చెప్పేదాన్ని. పుట్టిందీ పెరిగిందీ బందరు. మా నాన్న ఒక ఆసుపత్రిలో కాంపౌండరు. మా చుట్టాల్లో ఎమ్మెస్సీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లని నేనే. ఆదివారం చర్చి అయ్యాక మా అమ్మ ఆ సంగతి ఎవరికి చెప్పలేదో వెతుక్కుని మరీ చెప్పేది. తొంభైల చివర్లో బందరులోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం దొరికింది.

ఒకరోజు కాలవలోంచి గుర్రపుడెక్క మొక్కలు బకెట్‌లో తెచ్చి పిల్లల బల్లల మీద పెట్టాను. దాని కాడ ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, దాన్ని బ్లేడుతో కోయించి లోపలున్న గాలి గదులు చూపించాను. ఆ మొక్క నీళ్ళ మీద ఎందుకు తేలుతుందో నేను చెప్పక్కర్లేకుండానే పిల్లలకి తెలిసిపోయింది. పుట్టినప్పటినుంచీ కాలవగట్టున చూస్తున్నదాన్ని ఆ రోజే మొదటిసారి చూసినట్టు చూశారు. క్లాసంతా బురద. అటెండరు లబోదిబోమన్నాడు. బతికినన్నాళ్ళూ ఈ పని చేస్తూనే బతకాలని నేను గట్టిగా అనుకున్నది ఆ రోజే.

అనుకోవడానికేం, ఎంతైనా అనుకోవచ్చు. అవి ఊరూరా ఇంజనీరింగు మోజు మొదలైన రోజులు. ఎవర్ని కదిపినా ఎంపీసీ, కంప్యూటరు. బైపీసీలో చేరేవాళ్ళు పల్చబడిపోయారు. జూన్‌లో ప్రిన్సిపాల్‌గారు పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

"మొక్కలకి ఇప్పుడు మార్కెట్ లేదమ్మా నిర్మలా" అన్నారు. "బోటనీ, జువాలజీ రెండూ జువాలజీ సారే చెప్తానన్నారు."

"ఆయనకి కాండానికీ వేరుకీ తేడా తెలీదండీ" అన్నాను.

"పిల్లలు పాసైతే చాలమ్మా. ఇంకోచోట చూసుకో. నీకేం, చిన్నదానివి."

ఈ మాట మీకూ వినిపిస్తుంది, గుర్తుపెట్టుకోండి. మనల్ని తీసేసేవాడికి మన వయసు ఎప్పుడూ చాలా చిన్నగానే కనిపిస్తుంది. ఇంకో సంగతి. మార్చిలో సిలబస్ అయ్యేదాకా ఎవరూ ఏమీ అనరు. మే జీతం ఇవ్వరు. జూన్‌లో చల్లగా చెప్తారు. అప్పటికి మిగతా కాలేజీలన్నీ తమకి కావలసినవాళ్ళని చేర్చేసుకుని ఉంటాయి.

ఇంటికెళ్ళి చెప్తే నాన్న, "సరేలే, ఇంకోటి చూద్దాం" అన్నాడు. అమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నేను చేసిన ఉద్యోగాలు చెప్తే మీకు నవ్వొస్తుంది. ఒక ట్యుటోరియల్‌లో చేరాను, అది నాలుగు నెలలకే మూతపడింది. పామర్రు వైపు ఒక కాన్వెంటులో చేరాను, కరస్పాండెంటుగారి భార్య వాళ్ళబ్బాయి హోంవర్కు నన్ను రాసిపెట్టమంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీవాడికి చేతుల్లేవా అండీ?" అని అడిగేసి చాక్‌పీసు బల్ల మీద పెట్టి వచ్చేశాను. బస్సెక్కేదాకా రాణిలా అనిపించింది. బస్సు కదిలాక, ఇంటికెళ్ళి అమ్మకేం చెప్పాలా అని సాకులు వెతుక్కోవడం మొదలుపెట్టాను. కోపంతో మానేసిన ఉద్యోగాలన్నిట్లో జరిగేది ఇంతే. మానొద్దని చెప్పను, నేనూ మానేశాను. ఇంకోటి చేతిలో పెట్టుకుని మానండి అంటున్నాను.

అప్పుడు అమ్మ ఒక మాట తేల్చేసింది. "నిర్మలా, మళ్ళీ వచ్చే ఉద్యోగం కూడా నిలబడకపోతే పిన్ని దగ్గర కూర్చో." మా పిన్ని ఇంట్లోనే కవరింగ్ గొలుసులు అల్లేది. బందరులో చాలామంది ఆడవాళ్ళ చేతిపని అది. పిన్ని పని నాకు తక్కువగా ఎప్పుడూ అనిపించలేదు. ఆవిడ ఆ పని మీదే పిల్లల్ని పెంచింది. కానీ ఆవిడ పక్కన చాప మీద కూర్చున్న నన్ను ఊహించుకుంటే నాకు ఊపిరాడేది కాదు. నాకు బోర్డు కావాలి. ఎదురుగా పిల్లలు కావాలి. ఆ యావతోనే గుడివాడ వెళ్ళాను.

గేదెని పొగడాలి

గుడివాడలో అది హాస్టలున్న కాలేజీ. ఇంటర్వ్యూలో డైరెక్టరుగారు నా సబ్జెక్టు గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "పాఠం ఎవరైనా చెప్తారు మేడమ్. మాటకారితనం ఉందా? ఏప్రిల్లో ఊళ్ళు తిరగ్గలరా?" అన్నారు. తిరుగుతానన్నాను. సర్టిఫికెట్లు ఒరిజినల్స్ ఆఫీసులో పెట్టమన్నారు. మా నాన్న ముందే హెచ్చరించాడు కాబట్టి జిరాక్సులే ఇచ్చి, "ఒరిజినల్స్ యూనివర్సిటీలో ఉన్నాయండీ" అని అబద్ధమాడాను. ఈ ఒక్క అబద్ధం మీరూ ఆడండి. ఒరిజినల్స్ వాళ్ళ బీరువాలో ఉంటే మీరూ వాళ్ళ బీరువాలో ఉన్నట్టే.

ఏప్రిల్లో ఊళ్ళు తిరగడమంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్తాను. పదో తరగతి పరీక్షలైపోతాయి, ఫలితాలు ఇంకా రావు. ఈలోగా ప్రతి ప్రైవేటు కాలేజీ తన లెక్చరర్లని ఎండలోకి తోలుతుంది. బాగా చదివే పిల్లలెవరో కనుక్కుని, ఇంటింటికీ వెళ్ళి, అమ్మానాన్నల్ని ఒప్పించి, పిల్లని ముందే హాస్టల్లో చేర్పించెయ్యాలి. దాన్నే క్యాన్వాసింగ్ అంటారు. ఫలితాలొచ్చేదాకా ఆగితే ఇంకో కాలేజీ ఎగరేసుకుపోతుంది. వచ్చే ఏడాది పేపర్లో ఎవరి ఫొటో పడుతుందో, ఆ పిల్ల ఎవరి కాలేజీలో ఉందో, అదీ ఈ పరుగంతా.

ఆడ లెక్చరరైతే తల్లులు గుమ్మం దాటి లోపలికి రానిస్తారని నన్ను పెట్టారు. నాకు తోడు లెక్కల లెక్చరరు ప్రసాద్‌గారు. ఆయన ఈ పనిలో ఆరితేరినవాడు. మొదటిరోజే స్కూటర్ ఆపి నాకు పాఠం చెప్పాడు.

"మేడంగారూ, ఇంట్లోకి పోగానే పిల్ల ఊసెత్తమాకండి. ముందు గేదెని పొగడాలి."

"గేదెనా?"

"ఎన్ని పాలిస్తందండీ అని అడగండి. ఆయన మాటకి అడ్డు ఉండదు ఇంక. మజ్జిగిస్తే తాగండి, ఇవ్వకపోతే అడిగి తాగండి. తండ్రి నిలబడుంటే మీరు కుర్చీలో కూర్చోమాకండి. ఇంకోటి, ఎవరైనా ఫీజు సంగతి అడిగితే నా వైపు చూడండి."

నవ్వుకున్నాను గానీ, ఆయన చెప్పినవన్నీ పనిచేశాయి. నందివాడ దగ్గర ఒక ఊళ్ళో మేం వెళ్ళేసరికి వేరే కాలేజీవాళ్ళు అప్పటికే ఆ ఇంట్లో భోజనానికి కూర్చుని ఉన్నారు. నేను వెనక్కి తిరగబోయాను. ఇంటాయన, "అదేంటండీ, ఎండలో పడి వచ్చారు, మీరూ ఒక ముద్ద తినండి" అని మాకూ విస్తళ్ళు వేయించాడు. రెండు కాలేజీల లెక్చరర్లం ఒకే పప్పు కలుపుకుని తిన్నాం. వాళ్ళలో ఒకాయన నాతో మెల్లగా, "మీ కాలేజీలో జువాలజీ పోస్టేమైనా ఖాళీ ఉందా అండీ?" అని అడిగాడు. ఒకళ్ళ పిల్లల్ని ఒకళ్ళం ఎత్తుకుపోవడానికి వచ్చినవాళ్ళం, అందరం లోపల ఇంకో ఉద్యోగం కోసమే చూస్తున్నాం. ఆ ఇంటి పిల్లాడు చివరికి రెండు కాలేజీల్లోనూ చేరలేదు.

కోటేశ్వరమ్మ గుమ్మం

ఆ వేసవిలో అందరి కళ్ళూ మొవ్వ దగ్గర ఒక ఊళ్ళో ఉన్న నాగలక్ష్మి మీద ఉన్నాయి. ఆ చుట్టుపక్కల హైస్కూళ్ళన్నిట్లోకీ తెలివైన పిల్ల అని మాస్టర్లే చెప్పారు. డైరెక్టరుగారు మమ్మల్ని పిలిచి, "ఫీజూ హాస్టలూ ఫ్రీ. ఆ అమ్మాయి మన కాలేజీలో ఉండాలి. లేకపోతే మేడమ్, వచ్చే ఏడాది బోటనీ గురించి నేనూ ఆలోచించుకోవాలి" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం పిన్ని పక్కన చాప కళ్ళముందు కనిపించింది.

నాగలక్ష్మి వాళ్ళమ్మ కోటేశ్వరమ్మ. భర్త కౌలుకి వరి చేస్తాడు, ఇంట్లో మాట మాత్రం ఈవిడదే. అప్పటికే ఎందరెందరో వచ్చి వెళ్ళారు. అరుగు మీద రంగురంగుల పాంఫ్లెట్లు, వాటి మీద వడియాలు ఎండుతున్నాయి. నేను గేదెని పొగడబోయాను.

"గేద సంగతెందుకులే అమ్మా, అందరూ దాన్నే అడుగుతున్నారు" అంది ఆవిడ.

నాగలక్ష్మి గుమ్మానికి ఆనుకుని నిలబడి చూస్తోంది. ఏం చదువుతావమ్మా అంటే బైపీసీ అంది. ఆ రోజుల్లో బాగా చదివే పిల్ల నోట ఆ మాట వినడమే అరుదు. ఎందుకూ అన్నాను. "మా చేలో ఒక మూల వరి ఎర్రబడిపోద్దండీ ప్రతేడూ. ఎందుకో ఎవురూ చెప్పట్లా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. క్యాన్వాసింగ్ సంగతే మర్చిపోయి, నేల గురించీ వేర్ల గురించీ ఆ పిల్లతో మాట్లాడుతూ కూర్చుండిపోయాను. ప్రసాద్‌గారు గడియారం చూసుకుంటూ దగ్గుతున్నాడు.

వెళ్ళబోయే ముందు కోటేశ్వరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"అమ్మా, నువ్వు ఆడపిల్లవి, నిజం చెప్పు. రేపు మార్కులు కాస్త తగ్గినాయనుకో. అప్పుడు కూడా ఫ్రీగానే ఉంచుతారా? మేం కట్టుకోలేం."

ప్రసాద్‌గారి వైపు చూడాల్సింది. చూడలేదు. "ఉంచుతారండీ. నేనున్నాను కదా" అన్నాను.

ఆ మాటతో ఆవిడ మిగతా కాలేజీలవాళ్ళందర్నీ వద్దని తిప్పి పంపేసింది. వారం తిరక్కుండా పిల్లని ట్రంకు పెట్టెతో సహా గుడివాడ హాస్టల్లో దింపి వెళ్ళింది. డైరెక్టరుగారు నాకు స్టాఫు రూములో అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. నేను నిలబడ్డాను, నా ఉద్యోగం నిలబడింది అనుకున్నాను.

మాట ఎవరిది

ఫలితాలొచ్చాయి. నాగలక్ష్మి ఫస్టు క్లాసులో పాసైంది. కానీ లెక్కల్లో అందరూ అనుకున్నన్ని రాలేదు. జిల్లా ర్యాంకు లేదు, మండలంలో కూడా మొదటి పేరు కాదు. పేపర్లో ఫొటో పడే పిల్ల కాదని తేలిపోయింది.

మర్నాడు డైరెక్టరుగారు పిలిచారు. "ఆ అమ్మాయివాళ్ళని ఫీజు కట్టమనండి. కట్టలేకపోతే తీసుకెళ్ళమనండి. ఫ్రీ సీటు వేరేవాళ్ళకి ఇస్తున్నాం."

"సార్, మార్కులు తగ్గినా ఉంచుతామని వాళ్ళమ్మకి మాటిచ్చాం కదా!"

ఆయన పెన్ను మూత పెట్టుకుంటూ నెమ్మదిగా అన్నారు. "మాట మీరిచ్చారు మేడమ్. కాలేజీ ఇవ్వలేదు."

ఎన్నేళ్ళయినా ఆ వాక్యం నా చెవిలోంచి పోలేదు. నేను వాళ్ళ జీతం తీసుకుని, వాళ్ళ స్కూటర్ ఎక్కి, వాళ్ళ పాంఫ్లెట్లు పట్టుకుని వెళ్ళాను. మాట మాత్రం నాదట! అన్యాయమే. కానీ కాస్త ఆలోచిస్తే అందులో నిజమూ ఉంది. కోటేశ్వరమ్మ కాలేజీని నమ్మలేదు. ఆ పాంఫ్లెట్ల మీద వడియాలు పెట్టుకుంది. నన్ను నమ్మింది. ఈ ఉద్యోగంలో చేరబోయే పిల్లలూ, అసలు సంగతి ఇది. మిమ్మల్ని ఊళ్ళకి పంపేవాళ్ళు మీ చదువుని వాడుకోవడానికి పంపరు. మీ ముఖం చూసి నమ్ముతారని పంపుతారు. ఆ నమ్మకం ఖర్చయిపోతే పోయేది మీది.

ప్రసాద్‌గారు నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు. "మీరు మధ్యలో దూరమాకండి మేడంగారూ. ఆఫీసువాళ్ళు ఆ ఊరి కిళ్ళీకొట్టుకి ఫోన్ చేసి చెప్పేస్తారు. ప్రతేడూ ఉండేదే."

"మరి ఆవిడ ముఖం ఎలా చూస్తారండీ మళ్ళీ?"

"ఆ ఊరు ఎల్లం. అంతే." ఆయన నా వైపు చూడకుండా అన్నాడు. ఆయనకి ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. ఆయన్ని నేను తప్పు పట్టలేదు, ఇప్పటికీ పట్టను. ఎన్ని ఊళ్ళు అలా ఆయన వదిలేసుకున్నాడో అని మాత్రం అనిపించింది.

కిళ్ళీకొట్టు దగ్గర నలుగురూ వింటుండగా ఫోన్లో వినాలా ఆ మాట ఆవిడ? నాకు మనసొప్పలేదు. నేనే తీసుకెళ్ళి దింపొస్తానని డైరెక్టరుగారికి చెప్పాను. "క్లాసులు వదిలి వెళ్తే మళ్ళీ రావక్కర్లేదు" అన్నారు. రాననే చెప్పాను. ధైర్యంతో కాదు. అక్కడ ఇంకో నిమిషం నిలబడితే ఏడ్చేస్తానని బయటికొచ్చేశాను.

సీటు తనకి, ఉద్యోగం నాకు

ట్రంకు పెట్టె బస్సు మీద వేయించి ఇద్దరం ఎక్కాం. కూచిపూడి దాటాక నాగలక్ష్మి, "నా వల్ల మీ ఉద్యోగం పోయిందా మేడమ్?" అంది. "నీ వల్ల కాదు, నా నోటి వల్ల" అన్నాను. పాపం, నవ్వాలో వద్దో తెలియక కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

కోటేశ్వరమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. వీధంతా వచ్చి చూసింది.

"నిన్ను చూసి నమ్మానే! నిన్ను చూసి అందరినీ పొమ్మన్నానే! ఇయ్యాళ ఎవురొస్తారు మా ఇంటికి? అందరి సీట్లూ నిండిపోయినాయి. నా బిడ్డ ఏడాది ఎవురిస్తారు?"

నేను తలొంచుకుని నిలబడ్డాను. ఆవిడ అలిసిపోయి అరుగు మీద కూలబడ్డాక, "రేపు పిల్లని నాతో పంపండి. బందరులో కాలేజీలన్నీ నాకు తెలుసు. అడుగుతాను" అన్నాను.

"మళ్ళీ నీతోనా?" అంది. కానీ పంపింది. ఇంకో దారి లేదు కాబట్టి పంపింది.

అలా ఆ జూన్‌లో మేమిద్దరం నిడుమోలు మీదుగా బందరు వెళ్ళి ఎండలో కాలేజీ కాలేజీ ఎక్కి దిగాం. తనకి సీటు కావాలి, నాకు ఉద్యోగం కావాలి. ప్రిన్సిపాల్ రూముల ముందు బెంచీల మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళం. లోపలికి పిలిస్తే ఎవరి పని గురించి ముందు మాట్లాడాలో తెలిసేది కాదు. ఒకచోట కరస్పాండెంటు, "ఇంతకీ మీలో ఎవరు చేరడానికొచ్చారు?" అని అడిగాడు. ఇద్దరమూ అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత కాస్త తేరుకుని, "బోటనీ మేడమ్ మానేసింది, మీరు రేపే రండి. అమ్మాయి మాత్రం ఫీజు కట్టి చేరాలి" అన్నాడు.

ఎదురుగా ఉద్యోగం. బందరులోనే, ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. నాగలక్ష్మి వెంటనే, "మేడమ్, మీరు చేరిపోండి. నేను ఇంటికెళ్ళిపోతా" అంది. ఆ పిల్ల నిజంగానే అంది, అలిగి కాదు. నేను ఆయన్ని బతిమాలాను. నా జీతంలో కోసుకోమన్నాను. "అలా ఒకరికి చేస్తే అందరూ అడుగుతారండీ" అన్నాడు. ఆలోచించుకుని చెప్తానని బయటికొచ్చాను. నిజం చెప్పాలంటే, ఒప్పేసుకోవాలని నాలో సగం గోల పెడుతోంది.

బస్టాండులో సోడా తాగుతుంటే ఆ పిల్ల ఉన్నట్టుండి అడిగింది. "మేడమ్, మా మండలంలోనే గవర్నమెంటు కాలేజీ ఉంది కదా. దాని తరపున మా ఇంటికి ఎవురూ రాలేదేం?"

"వాళ్ళు ఎవరింటికీ వెళ్ళరు. అక్కడ ఎంతమంది చేరినా వాళ్ళ జీతం వాళ్ళకొస్తుంది."

"అయితే వాళ్ళు నాకేం మాటివ్వలేదు. తప్పడానికి కూడా ఏం లేదు" అంది. "అందులో చేరతా."

ఊళ్ళన్నీ జల్లెడ పట్టిన మాకెవ్వరికీ తట్టలేదు, ఆ ఇంటికి కూతవేటు దూరంలో ఒక కాలేజీ ఉందని. ఆ రోజుల్లో మా అందరి దృష్టిలో అది కాలేజీయే కాదు. మర్నాడే కోటేశ్వరమ్మని కూడా తీసుకుని వెళ్ళాం. క్లాసు రూములో ఫ్యాన్ తిరగదు, ల్యాబులో మైక్రోస్కోపు ఒక్కటే. కానీ బోటనీ సారు ఉన్నారు, సీటు ఉంది. పిల్ల చేరింది. అది ఇంటర్ పాసై, బీఎస్సీ చేసి, ఇప్పుడు విత్తనాల కంపెనీలో పనిచేస్తోంది. ర్యాంకులేమీ రాలేదు. ఫొటో ఏ పేపర్లోనూ పడలేదు.

చేర్పించి బయటికి రాగానే కోటేశ్వరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మరి నువ్వెక్కడ చేరావు?"

"ఇంకా ఎక్కడా లేదండీ."

ఆవిడ తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. "అన్నం తిని పో" అంది.

బందరు కరస్పాండెంటు దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళాను, సిగ్గుపడకుండా చెప్తున్నాను. అప్పటికి ఆ పోస్టులో వేరొకరు చేరిపోయారు.

అవనిగడ్డ

ఆ జూన్ మిగతా రోజులు నాకు సరిగ్గా నిద్ర లేదు. పొద్దున లేచి తయారై ఎక్కడికి వెళ్ళాలో తెలియక గుమ్మంలో నిలబడేదాన్ని. పిన్నే ఒకరోజు వచ్చి, "నీ వేళ్ళకి ఈ పని రాదు గానీ, దివిసీమలో అడిగావా?" అంది. అప్పట్లో దివిసీమలోని అవనిగడ్డ అంటే టీచరు ఉద్యోగాల కోచింగుకి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి గదులు తీసుకుని చదువుకునే ఊరు. అక్కడ ఒక చిన్న కాలేజీలో బైపీసీ ఇంకా ఉందని విన్నాను. చల్లపల్లి మీదుగా బస్సెక్కాను. ఇక్కడ కూడా కాకపోతే ఇంక అడగడానికి చోటు లేదు.

సెక్రటరీగారు పెద్దాయన, పంచెకట్టు. నా కాగితాలు చూసి, "ఇన్ని ఉద్యోగాలు మారావేంటమ్మా?" అన్నారు.

మామూలుగా ఈ ప్రశ్నకి ఏం చెప్పాలో అందరూ నేర్పుతారు. ఇంటి పరిస్థితులు, ఆరోగ్యం, దూరం. నేనూ బస్సులో వల్లె వేసుకునే వచ్చాను. ఆయన ఎదురుగా కూర్చున్నాక విసుగొచ్చింది. అన్నీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. తీసేసింది, మానేసింది, మాటిచ్చి తప్పింది, బందరులో బెంచీల మీద కూర్చుంది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు.

"క్యాన్వాసింగ్‌కి మాత్రం వెళ్ళనండి" అన్నాను చివర్న. "క్లాసులో కూర్చున్నవాళ్ళకి పాఠం చెప్తాను. ఎంతమంది ఉంటే అంతమందికి."

"వెళ్ళకపోతే జీతం తక్కువ."

"సరేనండి."

"ఇంకేమైనా అడుగుతావా?"

అడగకూడదేమో. కానీ నాకు కావలసింది అదొక్కటే. "నాలుగేళ్ళకి బైపీసీలో పిల్లలు తగ్గిపోతే నన్ను ఉంచుతారా అండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు బయట ఆవరణలోకి చూశారు. అప్పటిదాకా నాకు ఉద్యోగం ఇచ్చిన ప్రతివాడూ ఇలాంటి ప్రశ్నకి ఆలోచించకుండానే జవాబు చెప్పాడు. మీకేం భయం లేదన్నాడు, నేనున్నానన్నాడు.

"తెలీదమ్మా" అన్నారాయన. "పిల్లలు వస్తే ఉంటావు. రాకపోతే కాలేజీయే ఉంటుందో లేదో. తెలియనిదానికి నేను మాటివ్వలేను."

లేచి నిలబడి, క్లాసు ఎటువైపో అడిగాను.